వైకల్యం పేరిట పన్ను మినహాయింపు: ముందు లెక్క, తర్వాతే వివరాలు

వైకల్యంతో జీవిస్తున్నవారికీ, వారిని పోషిస్తున్న కుటుంబాలకూ ఆదాయపు పన్ను చట్టం కొంత ఊరట ఇస్తుంది. అయితే ఆ ఊరట కోరడమంటే శరీరానికో మనసుకో సంబంధించిన అత్యంత స్వంత విషయాన్ని కాగితం మీద పెట్టి, ముక్కూమొహం తెలియని వారి చేతికి ఇవ్వడం కూడా. ఈ రెండో సంగతి చాలామందికి ఆలస్యంగా గుర్తుకు వస్తుంది. ధ్రువపత్రం ఆఫీసు పోర్టల్‌లోకి ఎక్కించేశాక, అసలు ఆ మినహాయింపు వల్ల తమకు ఒక్క రూపాయి కూడా మిగలలేదని తెలుసుకున్నవారిని నేను చూశాను. అందువల్ల ఇక్కడ చెప్పే అడుగులన్నీ ఒకే వరుసను పాటిస్తాయి: ముందు లెక్క వేసుకోవాలి, లాభం ఉందని తేలాకే వివరాలు బయటపెట్టాలి, అవీ అడిగినంత మేరకే, అడిగే హక్కు ఉన్నవారికే ఇవ్వాలి.

మొదటి అడుగు: మీకు వర్తించే సెక్షను ఏదో తేల్చుకోండి

వైకల్యం పన్ను చెల్లించే వ్యక్తికే ఉంటే సెక్షన్ 80యూ వర్తిస్తుంది. వైకల్యం ఆయన మీద ఆధారపడిన భార్య లేదా భర్తకు, పిల్లలకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఉంటే సెక్షన్ 80డీడీ వర్తిస్తుంది. రెండింటిలోనూ వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉంటే 75,000 రూపాయలు, 80 శాతం లేదా అంతకు మించి ఉంటే 1,25,000 రూపాయలు ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. రెండూ భారతదేశంలో నివాసితులుగా లెక్కకు వచ్చేవారికే దక్కుతాయి. 80యూ కింద ఎంత ఖర్చయిందని ఎవరూ అడగరు, ఎందుకంటే అది ఖర్చుతో నిమిత్తం లేని స్థిరమైన మొత్తం. 80డీడీలో కూడా మొత్తం స్థిరమే, కాని వైద్యం, శిక్షణ, పునరావాసం కోసం మీరు ఖర్చు పెట్టి ఉండాలి, లేదా ఆ వ్యక్తి భవిష్యత్తు కోసం ఆమోదించిన బీమా పథకంలో డబ్బు కట్టి ఉండాలి.

ఒకే వ్యక్తి వైకల్యానికి రెండు మినహాయింపులు ఉండవు. ఆ వ్యక్తి తన రిటర్నులో 80యూ తీసుకుంటే, ఆయనను పోషించేవారు 80డీడీ తీసుకోవడానికి వీల్లేదు. ఉదాహరణకు ఇంట్లో 85 శాతం వైకల్యం ఉన్న కుమారుడు తండ్రి మీదే ప్రధానంగా ఆధారపడి ఉన్నాడనీ, అతనికి వచ్చే కొద్దిపాటి వడ్డీకి పన్నే పడదనీ అనుకుందాం. అతను 80యూ వాడుకుంటే మిగిలేది సున్నా. పాత పన్ను విధానంలో (దాని సంగతి రెండో అడుగులో) 30 శాతం శ్లాబులో ఉన్న తండ్రి 80డీడీ వాడుకుంటే, పన్ను మీద అదనంగా పడే సెస్సుతో కలిపి 39,000 రూపాయలు మిగులుతాయి. కాబట్టి రిటర్నులు వేయకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని ఎవరు వాడుకోవాలో నిర్ణయించుకోవాలి. ఆ మాటల్లో వైకల్యం ఉన్న వ్యక్తి కూడా ఉండాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే బయటికి వెళ్లేది వారి వివరాలు.

సెక్షన్ 80డీడీబీ వేరే విషయం. అది క్యాన్సర్, పార్కిన్సన్స్, దీర్ఘకాలిక మూత్రపిండ వైఫల్యం, హీమోఫీలియా, తలసేమియా వంటి నిర్దిష్ట జబ్బుల చికిత్సకు అయిన ఖర్చుకు సంబంధించింది. గరిష్ఠంగా 40,000 రూపాయలు, సీనియర్ సిటిజన్ల చికిత్సకైతే 1,00,000 రూపాయలు. బీమా సంస్థో, పనిచేసే సంస్థో తిరిగి ఇచ్చిన సొమ్మును ఇందులోంచి తీసేయాలి.

రెండో అడుగు: లెక్క వేయండి, నోరు విప్పేది ఆ తర్వాతే

2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానమే మనం ఏమీ చెప్పకపోతే వర్తించే విధానమైంది. అందులో 80యూ, 80డీడీ, 80డీడీబీ మూడూ లేవు. అంటే ఈ మినహాయింపు కావాలంటే పాత విధానాన్ని ఎంచుకోవాలి. అలా ఎంచుకున్నందువల్ల కొత్త విధానంలోని తక్కువ రేట్లను వదులుకోవాలి. అసలు ప్రశ్న ఇక్కడే ఉంది.

2025-26 ఆర్థిక సంవత్సరానికి 14,00,000 రూపాయల జీతం, 80 శాతానికి పైగా వైకల్యం ఉన్న ఒక ఉద్యోగిని తీసుకుందాం. కొత్త విధానంలో జీతగాళ్లందరికీ దక్కే 75,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు పోగా 13,25,000 రూపాయల మీద పన్ను 78,750, సెస్సుతో 81,900 రూపాయలు. ఇప్పుడు పాత విధానం చూద్దాం. 50,000 ప్రామాణిక తగ్గింపు, పొదుపుకు 80సీ కింద 1,50,000, ఆరోగ్య బీమాకు 25,000, 80యూ కింద 1,25,000 తీసేస్తే 10,50,000 మిగులుతుంది. దాని మీద పన్ను సెస్సుతో 1,32,600 రూపాయలు. అంటే 80యూ పూర్తిగా వాడుకున్నా పాత విధానంలో ఆమె 50,700 రూపాయలు ఎక్కువ కట్టాలి. సొంత ఇంటి రుణం మీద 2,00,000 వడ్డీ కూడా కలిపితే పాత విధానంలో పన్ను 85,800కు దిగుతుంది. అప్పటికీ కొత్తదే 3,900 రూపాయలు చవక. వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తూ అద్దె ఇంట్లో ఉన్నందుకు మరో 2,00,000 రూపాయల ఇంటి అద్దె భత్యం మినహాయింపు కూడా ఉంటేనే పాత విధానంలో పన్ను 44,200కు తగ్గి, 80యూకు ప్రాణం వస్తుంది.

జీతం 12,75,000 రూపాయల లోపు ఉండి, ఇతర ఆదాయం లేని ఉద్యోగికి 2025-26కు కొత్త విధానంలో రిబేటు (పన్ను మాఫీ) పుణ్యాన పన్నే పడదు. అలాంటివారు వైకల్య వివరాలు పన్ను కోసం ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఇంటి రుణం, అద్దె, పొదుపు అన్నీ ఉన్నవారికే ఈ సెక్షన్లు ఎక్కువగా అక్కరకు వస్తాయి. ఇది న్యాయమా అంటే కాదనే చెబుతాను: వైకల్యం వల్ల అయ్యే అదనపు ఖర్చు విధానాన్ని బట్టి మారదు, దానికి గుర్తింపు మాత్రం విధానాన్ని బట్టి మారుతోంది.

కొత్త విధానంలో మిగిలి ఉన్న ఒక వెసులుబాటును మాత్రం మరచిపోవద్దు. చూపు లేనివారికి, మూగ చెవిటివారికి, కాళ్ల వైకల్యం ఉన్నవారికి సంస్థ ఇచ్చే రవాణా భత్యంలో 2025-26కు నెలకు 3,200 రూపాయల వరకు పన్ను ఉండదు. ఇది రెండు విధానాల్లోనూ వర్తిస్తుంది, కాని సంస్థ ఆ పేరుతో భత్యం ఇస్తేనే దక్కుతుంది.

ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లోనే రెండు విధానాలనూ పోల్చే క్యాలిక్యులేటర్ ఉంది. లాగిన్ కాకుండా, పేరు చెప్పకుండా, పాన్ ఇవ్వకుండా దాన్ని వాడుకోవచ్చు. ఈ అడుగుకు ఏజెంటు అవసరం లేదు.

మూడో అడుగు: ధ్రువపత్రాన్ని అక్షరం అక్షరం చదవండి

పన్ను లెక్క లాభం చూపించిందనుకుందాం. తర్వాత చూడాల్సింది ధ్రువపత్రం. తెలుగు రాష్ట్రాల్లో చాలామంది దగ్గర, వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో ప్రభుత్వ వైద్యులు ఇచ్చిన పత్రం ఉంటుంది. దేశవ్యాప్తంగా చెల్లే యూడీఐడీ (దివ్యాంగుల ప్రత్యేక గుర్తింపు) కార్డు కూడా ఉంటే మంచిది, ఎందుకంటే రిటర్ను ఫారంలో ఆ సంఖ్య ఉంటే ఇవ్వమని అడుగుతున్నారు. యూడీఐడీ కార్డుకు రంగులు ఉన్నాయి: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 నుంచి ఆపైన నీలం. కార్డు జేబులోంచి తీసిన క్షణంలోనే తీవ్రత ఎంతో ఎదుటివారికి తెలిసిపోతుందన్నది గుర్తుంచుకోవాలి.

పత్రంలో నాలుగు చోట్ల వేలు పెట్టి చూడండి: పేరు, పాన్‌లో ఉన్నట్టే ఉందా, శాతం 40 లేదా 80 గీత దాటిందా, వైకల్యం శాశ్వతమా, తాత్కాలికమా, తాత్కాలికమైతే గడువు తేదీ ఎప్పుడు. 79 శాతం ఉన్న పత్రంతో 1,25,000 కోరడం తప్పుడు ప్రకటనే అవుతుంది.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నప్పుడు మామూలు పత్రంతో సరిపోదు. ఫారం 10ఐఏ కావాలి. దాన్ని నిర్ణీత వైద్యాధికారి నుంచి తీసుకోవాలి: న్యూరాలజీలో ఎండీ చేసిన వైద్యుడు, పిల్లల విషయంలో పీడియాట్రిక్ న్యూరాలజిస్టు, లేదా ప్రభుత్వాసుపత్రిలోని సివిల్ సర్జన్ లేదా చీఫ్ మెడికల్ ఆఫీసరు. తర్వాత ఆ ఫారాన్ని ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో దాఖలు చేసి రసీదు సంఖ్య దగ్గర పెట్టుకోవాలి. రిటర్నులో దాఖలు తేదీని, ఆ సంఖ్యను అడుగుతారు, కాబట్టి ఈ పని రిటర్నుకు ముందే పూర్తి కావాలి. జూలై చివరి వారంలో డాక్టరు సంతకం కోసం ఆసుపత్రి చుట్టూ తిరిగే తల్లిదండ్రులను తలచుకుంటే బాధేస్తుంది. ఏప్రిల్‌లోనే మొదలుపెట్టండి.

నాలుగో అడుగు: సంస్థకు చెప్పాలా వద్దా

ఇది చాలామందిని నిద్రపోనివ్వని ప్రశ్న. చెప్పడం తప్పనిసరి కాదు. 80యూ లేదా 80డీడీ సంస్థ ద్వారానే తీసుకోవాలని చట్టం అనలేదు. మినహాయింపుల వివరాలను సంస్థకు తెలిపే ఫారం 12బీబీలో చెబితే నెలనెలా కోసే పన్ను తగ్గుతుంది. చెప్పకపోతే సంవత్సరం చివర రిటర్నులో కోరి రీఫండ్‌గా తీసుకోవచ్చు. తేడా డబ్బులో కాదు, సమయంలోనే.

పైన చెప్పిన ఉద్యోగిని విషయంలోనే చూడండి. ఆమె పాత విధానం ఎంచుకుంటున్నట్టు చెప్పి, అద్దె, ఇంటి రుణం, పొదుపు, ఆరోగ్య బీమా వివరాలన్నీ సంస్థకు ఇచ్చి, ఒక్క 80యూను మాత్రం తన దగ్గరే ఉంచుకోవచ్చు. అప్పుడు సంస్థ 70,200 రూపాయలు కోస్తుంది. రిటర్నులో 80యూ కోరితే అసలు పన్ను 44,200 అవుతుంది కాబట్టి 26,000 రూపాయలు తిరిగి వస్తాయి. ఆ 26,000 కొన్ని నెలలు ఆలస్యంగా రావడమే ఆమె గోప్యతకు చెల్లించే ధర. చెప్పకపోయినా ఇల్లు గడుస్తుందా, లేక నెలకు రెండు వేల పైచిలుకు తేడా ఇంటి ఖర్చులో కనబడుతుందా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన విషయం.

చెప్పకుండా ఉండటానికి ఇంకో కారణం ఫారం 16, అంటే జీతం, కోసిన పన్ను వివరాలతో సంస్థ ఏటా ఇచ్చే పత్రం. సంస్థ ద్వారా తీసుకున్న మినహాయింపు ఫారం 16 రెండో భాగంలోని పట్టికలో చేరుతుంది. ఆ కాగితాన్ని మనం జీవితంలో ఎక్కడెక్కడ ఇస్తామో ఆలోచించండి: బ్యాంకు రుణానికి, వీసాకు, కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు. వరుసల మధ్య 80యూ అన్న మూడు అక్షరాలు, దాని ఎదురుగా 1,25,000 అన్న అంకె ఉంటే, ఆ సెక్షను తెలిసినవారికి వైకల్యం ఉందనీ, అది 80 శాతం దాటిందనీ వెంటనే అర్థమైపోతుంది.

మరోపక్క, చెప్పడం వల్ల మేలు కలిగే సందర్భాలూ ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం సంస్థలు సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. పని వేళల్లో సడలింపు, అనువైన కుర్చీ, స్క్రీన్ రీడర్ వంటి ఏర్పాట్లు కోరుకునేవారు ఎలాగూ చెప్పాల్సి వస్తుంది. అలా చెప్పేటప్పుడు జీతాల విభాగానికి ఇచ్చే పత్రాన్నీ, సౌకర్యాల కోసం ఇచ్చే వివరాన్నీ వేరుగా ఉంచమని రాతపూర్వకంగా అడగండి. జీతాల పని బయటి కంపెనీ చూస్తోందా, పత్రాన్ని ఎవరెవరు చూడగలరు, పని అయ్యాక ఎప్పుడు తొలగిస్తారు అన్న మూడు ప్రశ్నలు ఒక మెయిల్‌లో అడగడం తప్పేమీ కాదు. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అందులోని ప్రధాన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి కాబట్టి, చట్టం చూసుకుంటుందిలే అని ఊరుకోకుండా మీ ప్రశ్నలు మీరు అడగండి.

ఐదో అడుగు: రిటర్నులో ఏమి రాయాలి, ఏమి రాయనక్కరలేదు

2024-25 మదింపు సంవత్సరం (అంటే 2023-24 ఆదాయానికి వేసే రిటర్ను) నుంచి రిటర్ను ఫారాల్లో 80యూకు, 80డీడీకి విడిగా పట్టికలు వచ్చాయి. వైకల్యం స్వభావం, ఆధారపడిన వ్యక్తితో బంధుత్వం, వారి పాన్, ఆధార్ సంఖ్యలు, ఫారం 10ఐఏ వివరాలు, యూడీఐడీ సంఖ్య వంటివి అక్కడ అడుగుతారు. జబ్బు చరిత్ర, వాడుతున్న మందులు, డాక్టరు రాసిన సుదీర్ఘ నివేదికలు అక్కడ అక్కరలేదు. రిటర్నుతో పాటు ధ్రువపత్రం జతచేయాల్సిన అవసరం కూడా లేదు, అది మీ దగ్గరే ఉండాలి. శాఖ అడిగితేనే ఇవ్వాలి. పన్ను చెల్లింపుదారుల వివరాలను అధికారులు ఎవరికి పడితే వారికి ఇవ్వకుండా చట్టంలో కట్టడి ఉంది. కాబట్టి నా అనుభవంలో రిటర్ను దాఖలు వల్ల గుట్టు రట్టు కావడం అరుదు. రట్టయ్యేది ఎక్కువగా మధ్యలోని మనుషుల చేతుల్లో.

ఒక తేదీ మాత్రం ముఖ్యం. వ్యాపార ఆదాయం లేనివారు పాత విధానాన్ని రిటర్నులోనే ఎంచుకోవచ్చు, కాని గడువులోపు దాఖలు చేస్తేనే. జీతగాళ్లకు అది సాధారణంగా జూలై 31. గడువు దాటితే కొత్త విధానమే వర్తిస్తుంది, దానితో ఆ సంవత్సరపు మినహాయింపు పోతుంది. సంస్థకు చెప్పకుండా రిటర్నులో కోరుకోవాలని నిర్ణయించుకున్నవారికి ఈ తేదీ ప్రాణంతో సమానం. వ్యాపార ఆదాయం ఉన్నవారు ఫారం 10ఐఈఏ ద్వారా పాత విధానానికి రావాలి. ఒకసారి వచ్చి, మళ్లీ కొత్తదానికి వెళ్లాక వెనక్కి రావడం కుదరదు కాబట్టి ఒక్క 80యూ కోసం తొందరపడవద్దు.

ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల సంఖ్యలు వేరు. 2025-26 ఆదాయానికి వేసే రిటర్నుకు మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది. తర్వాతి సంవత్సరాల్లో ఫారం నింపేటప్పుడు అంకెను కాక, శీర్షికలోని విషయాన్ని చూసి ఎంచుకోండి.

ఆరో అడుగు: కాగితాలు ఎవరి చేతుల్లోంచి వెళ్తున్నాయో చూడండి

మా బంధువొకరికి మానసిక అనారోగ్యం కింద 45 శాతం ధ్రువపత్రం ఉంది. రిటర్ను వేసిన వ్యక్తి సౌకర్యంగా ఉంటుందని ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంటు, ధ్రువపత్రం అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్‌గా చేసి వాట్సాప్‌లో పంపాడు. మూడు నెలల తర్వాత ఇంటి రుణానికి ఫారం 16 అడిగితే మావాడు అదే ఫైలును పంపేశాడు. రుణ విభాగంలోని ఉద్యోగి పన్నెండో పేజీ తెరిచి, అందరి ముందూ, మందులు వేసుకుంటున్నారా అని అడిగాడు. రుణం చివరికి వచ్చింది. ఆ రోజు మావాడి ముఖం మాత్రం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

అప్పటినుంచి నేను ఎవరికి సాయం చేసినా ధ్రువపత్రాన్ని విడి ఫైలుగా, పాస్‌వర్డు పెట్టి, దాని పేరులో జబ్బు పేరు లేకుండా దాచుకోమంటాను. ఆదాయానికి రుజువు అడిగిన చోట మొత్తం రిటర్ను ఫారానికి బదులు రిటర్ను దాఖలు చేసిన రసీదు సరిపోతుందా అని ముందు అడగాలి. ఆ రసీదులో మొత్తం ఆదాయం, కట్టిన పన్ను ఉంటాయి కాని సెక్షన్ల పట్టిక ఉండదు. జిరాక్సు షాపులో పత్రం స్కాన్ చేయించితే, ఆ కంప్యూటర్లోని డౌన్‌లోడ్స్ ఫోల్డరు నుంచీ, రీసైకిల్ బిన్ నుంచీ మీ ఎదుటే తీసేయించండి. ఆధార్ నకలు ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కప్పిన మాస్క్డ్ ఆధార్ ఇవ్వండి.

రిటర్ను వేసేవారికి పోర్టల్ పాస్‌వర్డు ఇవ్వడం మనకు మామూలైపోయింది. అంతకంటే ప్రమాదకరమైనది, ప్రొఫైల్‌లో మన ఫోను నంబరు, మెయిల్ స్థానంలో ఏజెంటు తనవి పెట్టుకోవడం. అప్పుడు శాఖ పంపే నోటీసులు, ఓటీపీలు ఆయనకే వెళ్తాయి, మీకు తెలియను కూడా తెలియదు. ఈ రోజే లాగిన్ అయి ఆ రెండు గడులు చూసుకోండి.

లేని వైకల్యాన్ని చూపించి రీఫండ్ ఇప్పిస్తామని, అందులో వాటా అడిగే ఏజెంట్ల మాట అసలు వినవద్దు. తప్పుడు మినహాయింపులు రాయించిన చోట్ల 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 ప్రాంతాల్లో తనిఖీలు జరిపింది. తప్పుడు సమాచారంతో ఆదాయం తగ్గించి చూపితే ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం జరిమానా పడుతుంది. దివ్యాంగులకు ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే దివ్యాంగుల హక్కుల చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా కూడా ఉన్నాయి. పైగా అలాంటి ప్రతి దొంగ రిటర్ను వల్ల నిజంగా వైకల్యం ఉన్నవారి మీద అనుమానపు ప్రశ్నలు పెరుగుతున్నాయి.

ఏడో అడుగు: నోటీసు వస్తే

సంస్థకు చెప్పని మినహాయింపును రిటర్నులో కోరినప్పుడు రుజువు చూపమని అడగవచ్చు. భయపడాల్సిన పని లేదు. ముందుగా ఆ నోటీసు నిజమైనదో కాదో, దాని మీదున్న డాక్యుమెంట్ గుర్తింపు సంఖ్యతో పోర్టల్‌లో సరిచూడండి. ఫోను చేసి ఓటీపీ, కార్డు పిన్ అడిగేవారు శాఖవారు కారు. నిజమైన నోటీసైతే పోర్టల్‌లోనే జవాబివ్వాలి, ధ్రువపత్రం, అవసరమైతే ఫారం 10ఐఏ రసీదు జతచేయాలి. 80డీడీ అయితే ఖర్చు జరిగిందని చూపే కొన్ని బిల్లులు చాలు. స్పీచ్ థెరపీ రసీదు, ఫిజియోథెరపీ రసీదు, ప్రత్యేక పాఠశాల ఫీజు వంటివి. ఆసుపత్రి ఫైలు మొత్తం స్కాన్ చేసి పంపకండి. అడిగింది ఇవ్వండి, అడగనిది ఇవ్వకండి. రుజువులను కనీసం ఏడేళ్లు దాచమని నేను చెబుతుంటాను.

ఎనిమిదో అడుగు: బిడ్డ పేరిట ఉన్న డబ్బు

మైనరు బిడ్డ పేరిట వచ్చే వడ్డీని మామూలుగా తల్లి లేదా తండ్రి ఆదాయంలో కలపాలి. 80యూలో చెప్పిన వైకల్యం ఉన్న బిడ్డకు ఈ నియమం వర్తించదు, ఆ ఆదాయం బిడ్డదిగానే లెక్కకొస్తుంది. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి తమ ఆదాయంలో కలుపుకుని పన్ను కట్టిన తల్లిదండ్రులు ఉన్నారు.

80డీడీ కింద బీమా పథకంలో డబ్బు కట్టేవారు, అది ఎప్పుడు చేతికొస్తుందో సంతకం పెట్టకముందే చదవాలి. పూర్వం తల్లిదండ్రులు మరణించాకే బిడ్డకు సొమ్ము అందాలని నియమం ఉండేది. ఈ కష్టం గురించి సుప్రీంకోర్టు 2019లో కేంద్రాన్ని ఆలోచించమని కోరింది. 2022 ఆర్థిక చట్టంతో, కట్టినవారికి 60 ఏళ్లు నిండి, కట్టడం ఆపాక వారి జీవితకాలంలోనే బిడ్డకు సొమ్ము అందేలా మార్చారు. బిడ్డ ముందే మరణిస్తే కట్టిన మొత్తం తిరిగి వచ్చిన ఏడాది కట్టినవారి ఆదాయమవుతుందన్న షరతు మాత్రం ఉంది. అంతటి దుఃఖంలో పన్ను నోటీసు కూడా వస్తే తట్టుకోవడం కష్టం, కనుక ఇంట్లో ఇంకొకరికి కూడా ఈ షరతు తెలిసి ఉండాలి.

తొమ్మిదో అడుగు: గడువు తేదీని గోడమీది క్యాలెండర్‌లో రాయండి

తాత్కాలిక ధ్రువపత్రం గడువు 2026 ఆగస్టులో ముగుస్తుందనుకుందాం. 2026-27 ఆర్థిక సంవత్సరం మొత్తానికి ఆ పత్రంతోనే మినహాయింపు తీసుకోవచ్చు. 2027-28కి మాత్రం కొత్త పత్రం ఉండాలి. శిబిరంలో స్లాటు దొరకడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి ముందే బుక్ చేసుకోవడం మంచిది. పునఃపరీక్షలో శాతం 40 కంటే తగ్గితే ఆ తర్వాతి సంవత్సరాలకు మినహాయింపు ఆపేయాలి, చెల్లుబాటులో ఉన్న పత్రంతో అంతకుముందు తీసుకున్నవి అలాగే నిలుస్తాయి. పాత పత్రాన్ని చించేయకుండా, గడువు తీరినదని పైన రాసి, అదే విడి ఫైలులో కొత్తదాని వెనక పెట్టుకోండి.